కాలవగట్టున మనిషి, తాడు

కలకత్తాలో 1873లోనూ, బొంబాయిలో 1874లోనూ గుర్రపు ట్రాములు మొదలైనాయి. బెజవాడకు ట్రాము రాలేదు. దాని పని ఇక్కడ కాలవ చేసింది. గుర్రానికి బదులు గట్టున మనిషి నడిచాడు.

1855లో కృష్ణ ఆనకట్ట పూర్తయింది. కాటన్ దృష్టిలో కాలవ పొలానికి నీరే కాదు, సరుకుకు దారి కూడా. ఏలూరు కాలవ కృష్ణను గోదావరి కాలవలతో కలిపింది. బందరు కాలవ రేవువైపు సాగింది. లాకులు దాటుతూ ధాన్యపు పడవలు నడిచాయి. గాలి ఉంటే తెరచాప. లేకుంటే గట్టున నడిచే కూలీల భుజాన తాడు.

ఐరోపా కాలవల్లో ఆ తాడును గుర్రం లాగేది. ఇక్కడ మనిషే ఎందుకు లాగాడు? వెనుకబాటుతనమని సరిపెట్టుకోరాదు. ఇంగ్లండులోనే గుర్రాలకు మారు స్త్రీలచేత పడవలు లాగించడాన్ని మార్క్స్ 1867లో ‘కాపిటల్’లో ఎత్తిచూపాడు. కారణమూ చెప్పాడు: గుర్రానికి ఖరీదు ఉంది, పనిలేని జనం బతుక్కి ఖరీదు లేదు. యంత్రం రానిచోట లేనిది తెలివి కాదు, కూలికి విలువ. డెల్టాకూ ఈ సూత్రమే వర్తిస్తుంది.

రైళ్లూ లారీలూ వచ్చి ఆ పడవలను వెనక్కి నెట్టాయి. 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. కాటన్ విగ్రహాలు డెల్టాలో పలుచోట్ల ఉన్నాయి. తాడు లాగినవారి పేర్లు చరిత్రకెక్కలేదు. డెల్టా చరిత్రను ఆనకట్ట మీదనుంచే కాదు, కాలవగట్టు మీదనుంచీ రాయాలి.