టర్బోకు పగ్గం వేసిన కథ

బిలాస్‌పూర్ రైల్వే ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే 1891లో ఈ ఊరి మీదుగా ప్రధాన మార్గాన్ని పూర్తిచేసింది. 1902లో వాల్తేరు - కటక్ మార్గం కూడా అదే కంపెనీ చేతికి వచ్చింది. ఆ రైల్వేలో ఉద్యోగాల కోసం కోస్తా జిల్లాల నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. ఆ ఇళ్ళలో పెద్దవాళ్ళను ఒక ప్రశ్న అడిగి చూడండి: పాత డీజిల్ ఇంజన్ బండిని లాగడం మొదలుపెట్టగానే అంత నల్లటి పొగ ఎందుకు కక్కేది?

జవాబు టర్బోచార్జర్‌లో ఉంది. ఇంజన్ వదిలే వేడి వాయువులు ఒక టర్బైన్‌ను తిప్పుతాయి. అదే ఇరుసు రెండో కొసన ఉన్న కంప్రెసర్ బయటి గాలిని పీల్చి, నొక్కి, సిలిండర్లలోకి పంపుతుంది. ఇలా వాతావరణ పీడనం కంటే అదనంగా లభించే పీడనాన్నే బూస్ట్ అంటారు. ఎక్కువ గాలి ఉంటే ఎక్కువ ఇంధనాన్ని మండించవచ్చు, ఎక్కువ శక్తిని రాబట్టవచ్చు. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూకీ 1905లో పేటెంటు పొందిన ఆలోచన ఇది.

ఇందులో ఒక చిక్కు ఉంది. గాలి పెరిగితే ఇంధనం పెరుగుతుంది, ఇంధనం పెరిగితే పొగ వాయువు పెరుగుతుంది, దాంతో టర్బైన్ ఇంకా వేగంగా తిరిగి ఇంకా గాలిని పంపుతుంది. ఈ చక్రానికి ఎక్కడో ఒకచోట అడ్డుకట్ట వేయకపోతే ఇంజన్ దెబ్బతింటుంది.

రైలింజన్ పద్ధతి

1962లో అమెరికాలోని ఆల్కో కంపెనీ నుంచి డబ్ల్యుడిఎం-2 ఇంజన్లు మన దేశానికి వచ్చాయి. 1964 నుంచి వారణాసిలోనూ తయారయ్యాయి. 16 సిలిండర్లు, 2,600 హార్స్‌పవర్. వీటి టర్బోకు బూస్ట్‌ను తగ్గించే తలుపు అంటూ ఏదీ లేదు. ఎనిమిదో నాచ్‌లో, అంటే పూర్తి శక్తితో నడిచేటప్పుడు కూడా బూస్ట్ హద్దు దాటనంత పెద్ద టర్బైన్‌ను ఎంచుకున్నారు. ఇంధనం మోతాదును గవర్నర్ చూసుకుంటుంది.

పెద్ద టర్బైన్ వేగం అందుకోవడానికి సమయం తీసుకుంటుంది. డ్రైవర్ నాచ్ పెంచగానే ఇంధనం ముందు వస్తుంది, గాలి వెనక వస్తుంది. పూర్తిగా మండని ఇంధనమే ఆ నల్లటి పొగ. గంటల తరబడి ఒకే నాచ్‌లో నడిచే గూడ్సు బండికి ఆ కొద్దిసేపటి ఆలస్యం పెద్ద లెక్కలోనిది కాదు. క్షణక్షణానికీ వేగం మార్చే కారుకు మాత్రం అది కుదరదు. కారుకు వెంటనే తిరిగే చిన్న టర్బైన్ కావాలి. కానీ చిన్న టర్బైన్ ఇంజన్ జోరందుకోగానే హద్దు మీరుతుంది.

కారులో తొలి పాఠం

అదే 1962లో అమెరికాలో రెండు టర్బో కార్లు మార్కెట్లోకి వచ్చాయి. షెవర్లే కోర్వెయిర్ స్పైడర్‌లో తలుపు లేదు. పొగ గొట్టంలోని అవరోధమే బూస్ట్ మరీ పెరగకుండా చూసేది. ఓల్డ్స్‌మొబిల్ జెట్‌ఫైర్‌లో మాత్రం వేస్ట్‌గేట్ అనే తలుపు ఉంది. 3.5 లీటర్ల ఆ ఇంజన్ 215 హార్స్‌పవర్ ఇచ్చేది.

పెట్రోలు ఇంజన్‌లో గాలిని ఎక్కువగా నొక్కితే అది వేడెక్కి, నిప్పురవ్వ నుంచి బయలుదేరిన మంట చేరకముందే మిశ్రమంలో కొంత భాగం తనంతట తానే భగ్గుమంటుంది. దీన్ని నాకింగ్ అంటారు. ఇది పిస్టన్లను పాడుచేస్తుంది. దీన్ని ఆపడానికి జెట్‌ఫైర్‌లో నీరు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని గాలిలోకి చిమ్మేవారు. సీసాలో ఆ ద్రవం అయిపోతే యజమాని మళ్ళీ నింపాలి. చాలామంది నింపలేదు! సీసా ఖాళీ అయితే బూస్ట్‌ను తగ్గించే ఏర్పాటు ఉన్నా, కారులో చురుకు పోయేది. చివరకు అనేక కార్ల నుంచి టర్బోను తీసేసి మామూలు కార్బురేటర్ బిగించారు. మనిషి జ్ఞాపకశక్తి మీద ఆధారపడిన రక్షణ నిలబడలేదు.

అలుగు వంటి తలుపు

వేస్ట్‌గేట్ ఎలా పనిచేస్తుంది? చెరువు నిండితే అలుగు పారినట్లే, బూస్ట్ హద్దుకు చేరగానే ఇది తెరుచుకుంటుంది. ఒక తేడా మాత్రం గుర్తుంచుకోండి. ఇది నొక్కిన గాలిని బయటకు వదలదు. టర్బైన్‌కు వెళ్ళవలసిన పొగ వాయువులో కొంత భాగాన్ని పక్కదారి పట్టిస్తుంది. కంప్రెసర్ నుంచి ఒక సన్నని గొట్టం చిన్న డబ్బాలోకి వెళుతుంది. అందులో ఒక పలుచని పొర, దాని వెనుక స్ప్రింగు ఉంటాయి. బూస్ట్ పీడనం స్ప్రింగు బలాన్ని మించగానే పొర కదిలి, కడ్డీని తోసి, తలుపును తెరుస్తుంది. టర్బైన్ వేగం తగ్గుతుంది. బూస్ట్ పడిపోతే తలుపు మూసుకుంటుంది. ఎవరూ గుర్తుపెట్టుకుని చేయవలసింది ఏమీ లేదు.

స్వీడన్‌కు చెందిన సాబ్ కంపెనీ 1977లో ప్రదర్శించిన 99 టర్బోలో చిన్న టర్బైన్, వేస్ట్‌గేట్ కలిసి పనిచేశాయి. అయితే స్ప్రింగుకు తెలిసిన హద్దు ఒక్కటే. పెట్రోలు నాణ్యత తగ్గినా దానికి తెలియదు. సాబ్ ఇంజనీరు పేర్ గిల్‌బ్రాండ్ ఆధ్వర్యంలో 1980ల ఆరంభంలో ఏపీసీ పద్ధతి వచ్చింది. ఇందులో ఇంజన్‌కు బిగించిన సెన్సర్ నాకింగ్ ప్రకంపనలను వింటుంది. అది వినపడగానే ఎలక్ట్రానిక్ పరికరం ఒక వాల్వ్ ద్వారా బూస్ట్‌ను తగ్గిస్తుంది. హద్దును ముందే కట్టివేయకుండా, ఆ క్షణాన ఇంజన్ పరిస్థితిని బట్టి నిర్ణయించడం ఇందులోని కొత్తదనం.

మరో మార్గం టర్బైన్ చుట్టూ కదిలే రెక్కలను అమర్చడం. వేగం తక్కువగా ఉన్నప్పుడు దారి ఇరుకవుతుంది, వాయువు ఉరవడి పెరుగుతుంది. తర్వాత దారి వెడల్పవుతుంది. మన దేశంలో ఫియట్ రూపొందించిన 1,248 సీసీ డీజిల్ ఇంజన్ మామూలు టర్బోతో 75, కదిలే రెక్కల టర్బోతో 90 హార్స్‌పవర్ ఇచ్చేది. 2007లో వచ్చిన డీజిల్ స్విఫ్ట్‌లో ఉన్నది మొదటి రకం.

రైలింజన్లలోనూ ఆలస్యానికి విరుగుడు దొరికింది. జనరల్ మోటార్స్ రూపకల్పనతో 1999 నుంచి వచ్చిన డబ్ల్యుడిజి-4లో, తక్కువ శక్తి వద్ద ఇంజనే పళ్ళచక్రాలతో టర్బోను తిప్పుతుంది. పొగ వాయువు చాలినంత అందాక క్లచ్ దాన్ని విడిచిపెడుతుంది.

వేస్ట్‌గేట్ ఉన్న టర్బో కారు మీకు తెలిసినవారి దగ్గర ఉంటే, ఇంజన్ చల్లారిన తర్వాత పెద్దవాళ్ళ సాయంతో బానెట్ తెరిచి చూడండి. టర్బో పక్కన అరచేతిలో ఇమిడే గుండ్రటి డబ్బా, దాని నుంచి వచ్చే సన్నని కడ్డీ కనిపిస్తాయేమో వెతకండి. జెట్‌ఫైర్ యజమానులు సీసా నింపడం మరిచిపోయినట్లు ఆ డబ్బా తన పని మరిచిపోదు.