భోజనశాలలో బలపరీక్ష

1995 ఆగస్టు చివరి వారంలో ఆంధ్రప్రదేశ్ రాజకీయమంతా హుస్సేన్ సాగర్ ఒడ్డునున్న వైస్రాయ్ హోటల్ చుట్టూ తిరిగింది. తెలుగుదేశం శాసనసభ్యుల్లో అత్యధికులు చంద్రబాబు నాయుడి పక్షాన అక్కడే బస చేశారు. తన పేరు మీద గెలిచినవారిని వెనక్కు పిలుచుకోవాలని ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు చైతన్యరథంపై ఆ హోటల్ ముందుకు వెళ్లారు. ఆయన మీదికి చెప్పులు వచ్చి పడ్డాయి. సెప్టెంబరు 1న చంద్రబాబు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు.

అంతకు పదకొండేళ్ల ముందు అదే రామారావును అదే పద్ధతి కాపాడింది. 1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఆయన ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావును గద్దెనెక్కించారు. తన శాసనసభ్యులు చేజారకుండా రామారావు వారిని కర్ణాటకకు తరలించారు. అక్కడ రామకృష్ణ హెగ్డే నాయకత్వంలోని జనతా ప్రభుత్వం వారికి ఆశ్రయమిచ్చింది. సరిగ్గా నెల తర్వాత, సెప్టెంబరు 16న, రామారావు తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. ఒకసారి ప్రజాతీర్పును నిలబెట్టిన శిబిరమే మరోసారి ఆ తీర్పుకు ముఖమైన మనిషిని దించేసింది.

ఈ విద్య తెలుగు నేల మీద పుట్టింది కాదు. 1982 ఎన్నికల్లో హర్యానాలోని 90 స్థానాల్లో కాంగ్రెస్‌కు 36 మాత్రమే దక్కాయి. దేవీలాల్ తన మద్దతుదారులను హిమాచల్ ప్రదేశ్‌లోని పర్వానూ హోటల్లో ఉంచారు. అయినా గవర్నర్ తపాసే భజన్‌లాల్ చేత ప్రమాణం చేయించారు. కాపలా కళ్లుగప్పి ఒక సభ్యుడు గొట్టం పట్టుకుని కిందికి జారి పారిపోయాడని నేటికీ చెప్పుకుంటారు.

ఫిరాయింపులను అరికట్టాలని 1985లో తెచ్చిన పదో షెడ్యూలు ఈ శిబిరాలను తగ్గించలేదు. ఒక్కడుగా గోడ దూకితే సభ్యత్వం పోతుంది. మూడోవంతు మంది కలిసి వెళితే మాత్రం దాన్ని చీలికగా చట్టం అంగీకరించింది. 2003లో ఆ వెసులుబాటు తొలగించి, మూడింట రెండొంతుల మంది సమ్మతించే విలీనానికే రక్షణ మిగిల్చారు. దాంతో సంఖ్య చెదరకుండా చూసుకోవడమే ప్రాణావసరమైంది. ప్రభుత్వ బలాన్ని సభలోనే తేల్చాలని 1994లో ఎస్.ఆర్. బొమ్మై కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మేలైన తీర్పే. కానీ సంక్షోభం మొదలైన రోజుకూ సభ కూడే రోజుకూ నడుమ మిగిలే వ్యవధిని హోటళ్లు ఆక్రమించాయి.

ఆ వ్యవధిలో భోజనశాలే సభ. ఉదయం ఫలహారానికి ఎందరు వచ్చారు, రాత్రి పంక్తిలో ఏ కుర్చీ ఖాళీగా ఉంది అన్నదే నాయకుడికి హాజరుపట్టీ. 2017 ఫిబ్రవరిలో తమిళనాట కూవత్తూరు రిసార్టు ఇలాగే నిండింది. 2020లో రాజస్థాన్ సభ్యులు జైపూర్‌లోనూ ఆపై జైసల్మేర్‌లోనూ నెలరోజులు గడిపారు. కరోనా ఊళ్లను చుట్టుముట్టిన ఆ రోజుల్లో, హోటల్ పాకశాస్త్ర నిపుణుడి దగ్గర ఇటాలియన్ వంటలు నేర్చుకుంటున్న ప్రజాప్రతినిధులను జనం తెరల మీద చూశారు. 2022 జూన్‌లో ఏక్‌నాథ్ షిండే వర్గం గువాహటి హోటల్లో ఉన్నప్పుడు అస్సాంలో లక్షలాది మంది వరద నీటిలో ఉన్నారు. 2024 ఫిబ్రవరిలో జార్ఖండ్ సభ్యులకు హైదరాబాద్ శివారు రిసార్టు విడిది అయింది. ఆ వేళ తెలంగాణలో ఉన్నది వారి మిత్రపక్షమైన కాంగ్రెస్ ప్రభుత్వం.

ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయరాదన్నది మన సమాజంలో పాతుకుపోయిన నీతి. ఓటరు పంపిన ప్రతినిధి వారాల తరబడి మరొకరి ఉప్పు తిన్నాక, సభలో చెయ్యెత్తేటప్పుడు ఎవరి రుణం తీరుస్తాడు? పంక్తిలో కూర్చున్నవాడు స్వేచ్ఛగా లేచి ఇంటికి వెళ్లగలడా అన్నది దానికి అనుబంధ ప్రశ్న.

ఎన్నికల్లో అభ్యర్థి కార్యకర్తకు పోయించిన టీకి కూడా లెక్క చెప్పాలి. టీకి ఇంత, భోజనానికి ఇంత అని జిల్లా ఎన్నికల అధికారులు ధరల పట్టిక సిద్ధం చేస్తారు. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 77వ సెక్షన్ ప్రకారం ఆ లెక్క నామినేషన్‌తో మొదలై ఫలితం వెలువడిన రోజుతో ముగుస్తుంది. శిబిరం విందులు మొదలయ్యేది ఆ తర్వాతే. ఓటు అడిగేవాడి టీకి ఉన్న నిఘా, ప్రభుత్వాన్ని నిలిపే లేదా కూల్చే భోజనానికి ఉండనక్కరలేదా?

శిబిరాలను నిషేధించడం తేలిక కాదు. 1984 అనుభవం చూస్తే అది న్యాయమూ కాకపోవచ్చు. చేయగలిగిన పని ఒకటుంది. విశ్వాస తీర్మానంపై ఓటింగుకు ముందు, ఏ సభ్యుడు ఎన్ని రోజులు ఏ హోటల్లో ఉన్నాడో, ఆ బిల్లు ఎవరు చెల్లించారో సభ ముందుంచాలి. తమ ప్రతినిధి ఎవరి ఇంటి అన్నం తిని వచ్చాడో ఓటరుకు అప్పుడైనా తెలుస్తుంది.