వాకిటి మడియు లోపలి యంత్రమును

చరిత్ర మనగా రాజుల జయాపజయముల పట్టిక యని తలచు కాలము గడచినది. ఒక పట్టణపు ప్రజలు ఏ పని చేసి బ్రదికిరి, ఆ పనిచోట నెట్టి యాపదలు పొంది యుండిరి, వానిని నివారించుటకై పాలకులును యజమానులును ఏమి చేసిరి, ఏమి చేయక మానిరి యనునదియు చరిత్రమే. ఈ దృష్టితో చూచినచో, 2020, 2021 సంవత్సరములలో కోవిడ్ మహమ్మారి వ్యాపించిన దినములందు విశాఖపట్టణపు కర్మాగారములలో జరిగిన సంగతులు ఇంటింట చదువదగిన పాఠము. జ్ఞాపకము చెదరకముందే దానిని వ్రాసి యుంచుట యుక్తమని మాకు తోచినది.

విశాఖలో వన్ టౌన్ అని పిలువబడు పాతపట్టణము నెఱిగినవారికి ఈ విషయము సులభముగా బోధపడును. రేవు ప్రవేశపుకాలువ కభిముఖముగా మూడు కొండలున్నవి. ఒకదానిపై వేంకటేశ్వరుని కోవెల, ఒకదానిపై దర్గా, ఒకదానిపై మేరీమాత గుడి. వాని చెంతనే కురుపాము మార్కెట్టు, ఇఱుకు సందులు, చేపలరేవు. 1933లో ఓడరేవు తెఱవబడినది మొదలు ఈ పేటల బ్రదుకు రేవుతో ముడివడినది. రేవులో దింపు బొగ్గుపొడియు ఇనుపరాతిపొడియు గాలిలో నెగసి తమ కిటికీలపైని, ఆరవేసిన బట్టలపైని వ్రాలుచున్నవని యిచ్చటి యిల్లాండ్రు చిరకాలముగా మొఱపెట్టుచున్నారు. పనిచోటికిని ఇంటికిని నడుమ గోడ యున్నట్లు పటములో కానవచ్చును. గాలి యా గోడను గుర్తింపదు, రోగమును గుర్తింపదు.

రోగములు పనిచోటులగుండ వ్యాపించుట క్రొత్త సంగతి కాదు. 1896లో బొంబాయి నగరమున ప్లేగు పొడసూపినప్పుడు నూలుమిల్లుల పనివారు వేలకొలదిగా ఊరు విడిచి పోయిరి. మిగిలినవారిని నిలుపుకొనుటకై మిల్లుదారులు ఏనాటి కూలి నానాడే యీయవలసివచ్చెను. 1897లో ప్రభుత్వమువారు అంటువ్యాధుల చట్టమును చేసిరి. అది ప్రయాణికుని ఆపుటకును, ఓడను పరీక్షించుటకును, రోగిని వేఱుగ నుంచుటకును అధికార మిచ్చెను. కాని పనివాడు పనిచేయు చోటెట్లుండవలెనో చెప్పలేదు. 1918 జూను నెలలో బొంబాయి రేవునొద్ద కావలియున్న పోలీసు జవానులు కొందఱు జ్వరముతో ఆసుపత్రి చేరిరి. అట్లు మొదలైన ఇన్‌ఫ్లూయెంజా ఈ దేశమున కోటికి పైగా ప్రాణములను గొనిపోయెను.

కర్మాగారముల చట్టముల కథ వేఱొక త్రోవను నడచినది. 1881నాటి మొదటి చట్టము పిల్లల పనిగంటలను, యంత్రములచుట్టు కంచెలను గూర్చి మాటాడెను. స్వాతంత్ర్యము వచ్చిన మఱుసటి యేట, 1948లో, సమగ్రమైన చట్టము వచ్చెను. 1984 డిసెంబరులో భోపాలు నగరము విషవాయువుచే నాశమైన పిదప, 1987లో, అపాయకరములగు పదార్థములను గూర్చిన యధ్యాయ మొకటి దానియందు చేర్పబడెను. ఒక చట్టము రోగమును చూచెను. మఱొకటి యంత్రమును చూచెను. రెండాపదలును ఒకేనాడు ఒకే గుమ్మమున నిలుచునని ఎవరును తలచినట్లు కానరాదు. ఆ దినము 2020లో వచ్చెను.

ఆ యేట మార్చి 13న ఆంధ్రప్రదేశ ప్రభుత్వము, నూటయిరువదిమూడేండ్లనాటి ఆ అంటువ్యాధుల చట్టమునే యాధారముగ గొని కోవిడ్ నిబంధనలను ప్రకటించెను. మార్చి 25 మొదలు దేశమంతట లాక్‌డౌను వచ్చెను. కర్మాగారములు మూతపడెను, అయినను అన్నియు మూయబడలేదు, మూయవీలును లేదు. విశాఖ ఉక్కు కర్మాగారమునే చూడుడు. 1966నాటి మహోద్యమమువలన సాధింపబడిన యీ కర్మాగారమున గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ యను పేళ్లుగల మూడు ఊదుకొలుములున్నవి. వానికి వలయు కోకుబొగ్గును కాల్చు బట్టీల లోపలి యిటుకలు వేయి డిగ్రీలకు మించిన వేడిలో నిలిచి యుండును, చల్లారనిచ్చినచో బీటలువాఱును. వంటయింటి పొయ్యివలె రాత్రి యార్పి ఉదయము వెలిగించుటకు వీలులేదు. కనుకనే ఎడతెగక నడువవలసిన పరిశ్రమలకు ప్రభుత్వము మినహాయింపు నిచ్చెను. ఊరంతయు తలుపులు మూసికొన్న దినములందును కొందఱు బస్సెక్కి పనికి పోవలసియే యుండెను.

వారికొఱకై ఏప్రిల్ 15న కేంద్రప్రభుత్వము కొన్ని నియమములను విధించెను. వాకిట జ్వరము చూడవలెను, చేతులు కడుగుకొను నేర్పాటుండవలెను, ఒక షిప్టుకును మఱొక షిప్టునకును నడుమ గంట విరామ ముండవలెను, భోజనమున కందఱు నొక్కసారి కూడరాదు, వాహనములలో క్రిక్కిఱియరాదు, ఉమ్మివేయరాదు. ఇవి మంచి నియమములే. ఊపిరివలన వ్యాపించు రోగమునకు విశాలమైన కొలిమిశాలకంటె, మూసినగదిలో పదుగురు చేరి మీటలు నొక్కు కంట్రోలు రూమును, కాంటీనును, బస్సును ఎక్కువ యనుకూలములని శాస్త్రజ్ఞులు తేల్చిరి. ముప్పు యంత్రమునొద్ద కాక అన్నము తినుచోట పొంచియుండుట యీ రోగపు విశేషము.

కాని జ్వరము కానరాకయే రోగము నంటించువారు కలరు. వాకిటి జ్వరమాపకము వారిని పట్టలేదు. మఱియు, ఒకనాడు పని మానినచో ఒకనాటి కూలి పోవునట్టి కాంట్రాక్టు కూలి, ఒళ్లు వెచ్చనైనను మాత్ర మ్రింగి వచ్చును గాని ఆ మాట బయటపెట్టునా? రోగదినములకు కూలి యిచ్చెద మనుమాట లేనిచోట జ్వరము చూచుట వట్టి తంతు. దానివలన రోగ మాగదు, రోగము దాచుట మాత్రము అలవడును.

ఇచ్చట మన సంఘమునకు చిరకాలముగ నున్న యొక దౌర్బల్యమును చెప్పవలసియున్నది. మనము మడి నెఱిగినంతగా శుభ్రత నెఱుగము. తడిబట్ట కట్టుకొన్నచో లోపలి మలినము పోయినదని తలచుట మనకు వాడుక. మడిబట్టతో వండినయింటనే త్రాగునీటి బిందెపై మూత లేకుండుట మన మెఱుగనిదికాదు. మహమ్మారి దినములలో కొన్ని కర్మాగారముల వాకిండ్లయందును ఇట్టి మడియే వెలసినది. చేతులపై మందు చల్లుట, నొసట యంత్రము చూపుట, ముఖమునకు గుడ్డ కట్టుట, పుస్తకమున సంతకము చేయుట ముగిసినతోడనే భద్రత సమకూడినదని యెల్లరును నిట్టూర్పు విడిచిరి. వాకిట మడి చక్కగ సాగుచుండగా లోపలి యంత్రమును చూచువారు తగ్గిరి. దాని ఫలమును విశాఖ యనుభవించినది.

గోపాలపట్టణమునకు చేరువనున్న ఆర్.ఆర్. వేంకటాపురములో 1961లో హిందూస్థాన్ పాలిమర్స్ అను పేర నొక కర్మాగారము స్థాపింపబడెను. 1997లో దక్షిణకొరియా సంస్థ చేతికి వచ్చి అది ఎల్.జి. పాలిమర్స్ ఆయెను. ప్లాస్టికు చేయుటకై అచ్చట స్టైరీను అను ద్రవమును పెద్ద తొట్లలో నిలువయుంచుదురు. ఈ ద్రవమున కొక స్వభావము కలదు. తడిసిన గడ్డివామి తనలోతాను వేడెక్కినట్లు, ఇది యూరక నిలిచియున్నను అణువులు గుదిగ్రుచ్చుకొని వేడిని పుట్టించును. వేడి పెరిగినకొలది ఆ కలయిక మఱింత త్వరపడును. దాని నరికట్టుటకు నిరోధకమగు నొక మందును మట్టుచూచి కలుపుచుండవలెను. ద్రవమును త్రిప్పుచు అంతటను సమముగ చల్లబఱచుచుండవలెను. కర్మాగారము నడచునప్పుడు సరకు త్వరగా ఖర్చగును. లాక్‌డౌనులో అది వారములకొలది కదలక నిలిచెను.

2020 మే 7వ తేదీ తెల్లవాఱుజామున మూడుగంటల ప్రాంతమున ఆ తొట్టినుండి ఆవిరి వెలువడి నిద్రించుచున్న పల్లెపై క్రమ్మెను. నలువదినాళ్లుగా ఆ ప్రజలకు చెప్పబడిన ధర్మమొక్కటే: ఇల్లు కదలకుడు. ఆ రాత్రి ఇల్లు కదలినవాడే బ్రదికెను. పరుగెత్తుచు దారిలో పడిపోయినవారిని, మోరీలలో జాఱిపడినవారిని ఇరుగుపొరుగువారును, పోలీసులును మోసికొని కింగ్ జార్జి ఆసుపత్రికిని తదితర వైద్యశాలలకును చేర్చిరి. ముఖమునకు గుడ్డ కట్టుకొనుమనియు, దూరముగ నుండుమనియు నేర్చిన జనులు ఆ యుదయమున ఒకరినొకరు భుజములపై నెత్తుకొనిరి. పన్నిద్దఱు మరణించిరి, వందలమంది యాసుపత్రుల పాలైరి, పశువులు కట్టుగొయ్యలనొద్దనే కూలెను.

రాష్ట్రప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘము జూలై నెలలో నివేదిక నొసగెను. అందలి మాటలు మన విషయమునకు ముఖ్యములు. చల్లబఱచు యంత్రము రేయింబవళ్లు నడుపబడలేదు. వేడిని కొలుచు సాధనము తొట్టియడుగున మాత్రముండెను. పైభాగమున నెంత వేడెక్కినదో అది తెలుపలేదు. నిరోధక మందు చాలినంత లేదు. పని నిలిచియున్న కాలమున స్టైరీను స్వభావమెట్లుండునో సిబ్బందికి చాలినంత తెలియదు. అన్నిటికంటె దుస్సహమైన సంగతి మఱొకటి: ఆపదకూత కూయుటకు 36 మీటలున్నను, కూత కూయనే లేదు. పల్లెవారికి ఆపద తెలిపినది ముక్కే, కంఠమే, సైరను కాదు.

మే 9న జాతీయ విపత్తు నిర్వహణ సంస్థవారు, మూతపడిన కర్మాగారములను మఱల తెఱచుటకు సూచనలను ప్రకటించిరి. మొదటివారమును పరీక్షాకాలముగ నెంచుడు, ఉత్పత్తికై తొందరపడకుడు, వింతశబ్దము, వింతవాసన, పొగ, కారుట, అదరుట కానవచ్చెనేమో చూడుడు, అనుమానమున్నచో ఆపుడు అని వారు చెప్పిరి. రోగమును, యంత్రమును ఒకే పత్రమున చూచిన యుపదేశ మిది. వేంకటాపురమునకు రెండునాళ్లు ఆలసించినది.

ఆ వేసవితో కథ ముగియలేదు. జూను 30న పరవాడలోని యొక మందుల కర్మాగారమున విషవాయువు సోకి ఇద్దఱు పోయిరి. ఆగస్టు 1న హిందూస్థాన్ షిప్‌యార్డులో పరీక్షించుచున్న పెద్ద క్రేను కూలి పదునొకండుగురు మరణించిరి. వీని కన్నిటికిని లాక్‌డౌనే కారణమని మేము చెప్పము. ఒక్కొక్కదాని హేతువు వేఱు. అయినను, ఊరంతయు ఒకే శత్రువును చూచుచున్నపుడు తక్కిన శత్రువులు సెలవు పుచ్చుకొనరని ఈ మరణములు తెలుపుచున్నవి.

రెండవవైపును చూచుట న్యాయము. 2021 ఏప్రిలులో రోగము రెండవమాఱు విజృంభించి, దేశమున ప్రాణవాయువునకు కఱవు వచ్చెను. ఉక్కు చేయుటకై గాలినుండి ప్రాణవాయువును వేఱుపఱచు యంత్రములు విశాఖ ఉక్కు కర్మాగారమున నున్నవి. ఏప్రిల్ 22న ద్రవరూపమైన ప్రాణవాయువును ఏడు ట్యాంకరులలో నింపుకొని దేశమున మొదటి ఆక్సిజన్ రైలు ఇచ్చటినుండి మహారాష్ట్రమునకు బయలుదేఱెను. ఆ దినములలోనే ఆ కర్మాగారపు కార్మికులు పలువురు రోగమునకు బలియైరి. యంత్ర మాగియున్నచో నాగపూరు, నాసికము రోగులకు ఊపిరి లేదు. మనుష్యులు రాకున్నచో యంత్రము నడువదు. పనివాని క్షేమము అతని యింటివారి సొంతసంగతి యనుకొనువారు ఈ రైలును తలచుకొనవలెను.

ఇక మనము చేయవలసినదేమి? నిలిచిన యంత్రము నిద్రించుచున్నదే కాని చనిపోలేదని గుర్తించి, దాని స్వభావమెఱిగినవారిని మహమ్మారిలోను దానిచెంత నుంచవలెను; వారికి రక్షణయు, రోగదినములకు కూలియు నీయవలెను. తొట్టి వేడెక్కుచున్నదని చిన్న పనివాడు చెప్పినను పెద్ద యధికారి వినవలెను. యజమానులును కార్మికులును సమసంఖ్యలో కూర్చుండు భద్రతాసంఘములను 1987నాటి సవరణయే యూహించెను. అవి కాగితములపై కాక పనిచోట కూడవలెను. గోడ కీవల నుండువారికి, ఆవల నేమి నిలువయున్నదో, కూత వినబడినచో ఏ దిక్కునకు పోవలెనో ముందే తెలిపి యుండవలెను.

ఈ కడపటి పని ప్రభుత్వమునకు మాత్రమే విడువదగినది కాదు. మన యిండ్లలో చదువుకొన్న స్త్రీపురుషులు, మన పాఠశాలలలోని ఉపాధ్యాయులు కర్మాగారమువారి నడిగి తెలిసికొనవలెను. అడుగుట అమర్యాద యని సంకోచింప నక్కఱలేదు. మన కిటికీపై వ్రాలు పొడి ఎచ్చటిదో తెలిసికొను హక్కున్న వారికి, మన పిల్లలు పీల్చు గాలిలో రేపేమి కలియగలదో తెలిసికొను హక్కును ఉన్నది. రాబోవు మహమ్మారి ఏ యోడపై వచ్చునో చెప్పలేము. అది వచ్చినపుడు వాకిట చేతులు కడుగుకొని, లోపలికి పోయి తొట్టి వేడి చూచువాడొకడుండవలెను. ఆ వేడి పెరిగినదని అతడు పలికిననాడు కూత కూయవలెను.