సొరచెట్టా, ఆముదం చెట్టా? మా మామ్మ చెప్పే యోనా కథ



ఈ పోస్టు కొంచెం పెద్దది. రాత్రి మెస్‌లో భోజనం అయ్యాక తీరిగ్గా చదవండి. ఇందులో బైబిలు గురించి ఉంటుంది కానీ ఇది మత ప్రచారం కాదు, మతం మీద గొడవా కాదు. మన గ్రూపులో చర్చికి వెళ్లేవాళ్లున్నారు, ఊరి పండగలు చేసుకునేవాళ్లున్నారు, రెండూ చేసేవాళ్లూ ఉన్నారు. ఒక మాట ఒక భాషలోంచి ఇంకో భాషలోకి వెళ్లినప్పుడు ఏం పోతుంది, ఏం మిగులుతుంది అన్నదే నేను రాయాలనుకున్నది. ఈ ప్రశ్న నాకు పుస్తకంలో దొరకలేదు. మా మామ్మని బాధపెట్టాక దొరికింది.

మాది సీతంపేట కొండల్లో ఒక సవర గూడ. మా ఇంట్లో కాలేజీ మెట్టు ఎక్కింది నేనే మొదలు. మామ్మకి అక్షరం రాదు. ఇంట్లో సవర మాట్లాడుతుంది, సంతకి వెళ్తే తెలుగు మాట్లాడుతుంది. మా ఊరి చర్చిలో చదివేది తెలుగు బైబిలే. విని విని చాలా భాగాలు ఆమెకి నోటికి వచ్చేశాయి. ఆ పాత గ్రాంథిక తెలుగులో సగం మాటలకి అర్థం అడిగితే చెప్పలేదు. కానీ ఒక్క మాట తప్పు చదివితే మాత్రం వెంటనే పట్టుకుంటుంది. అన్నిటికంటే ఆమెకి ఇష్టం యోనా కథ.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. నీనెవె అనే పెద్ద నగరానికి వెళ్లి, మీ పాపాల వల్ల మీ ఊరు నాశనమవుతుందని చెప్పమని దేవుడు యోనాకి చెప్తాడు. యోనా పారిపోతాడు, సముద్రంలో చేప మింగుతుంది, బయటపడి చివరికి వెళ్లి చెప్తాడు. ఊరివాళ్లు మారతారు, దేవుడు వాళ్లని వదిలేస్తాడు. యోనాకి కోపం వచ్చి ఊరి బయట ఎండలో కూర్చుంటాడు. దేవుడు అతని తల మీద నీడకి ఒక చెట్టు మొలిపిస్తాడు. మర్నాడు పురుగు కొరికి అది ఎండిపోతుంది. ఆ చెట్టు పోయిందని యోనాకి కోపం వస్తుంది. నువ్వు నాటని చెట్టు మీద నీకింత జాలి ఉంటే, నాకు అంత పెద్ద ఊరి మీద జాలి ఉండదా అని దేవుడు అడుగుతాడు. కథ ఆ ప్రశ్నతోనే అయిపోతుంది.

తెలుగు బైబిల్లో ఆ చెట్టు సొరచెట్టు. మా వైపు సొరకాయని ఆనపకాయ అంటాం. సొర అన్న మాట మామ్మకి బైబిలు నుంచే వచ్చింది. మా ఇంటి కప్పు మీదకి పాకించిన ఆనపపాదు చూపించి, యోనా కూర్చున్నది దీని కిందేరా అని నా చిన్నప్పుడు చెప్పేది.

పోయిన డిసెంబరులో సెలవులకి ఇంటికి వెళ్లాను. ఒక రాత్రి చుట్టాలందరూ మంట చుట్టూ కూర్చుని ఉన్నారు, మామ్మ యోనా కథ చెప్తోంది. అంతకు వారం ముందే నేను ఫోన్లో ఎక్కడో చదివాను, ఆ చెట్టు నిజానికి ఆముదం చెట్టు అని. ఆగలేకపోయాను. "మామ్మా, అది ఆనప కాదు, ఆముదం. తెలుగులో తప్పు రాశారు" అనేశాను. కుర్రాళ్లు నవ్వారు. మామ్మ కాసేపు మంటకేసి చూసి లేచి లోపలికి వెళ్లిపోయింది. కథ పూర్తి చెయ్యలేదు. నేను హాస్టల్‌కి తిరిగొచ్చేదాకా మళ్లీ ఎత్తలేదు.

హాస్టల్‌కి వచ్చాక, నేను చెప్పింది కరెక్టేనా అని వెతకడం మొదలుపెట్టాను. మామ్మ ముందు కరెక్టు అనిపించుకోవాలనే వెతికాను, అబద్ధం ఎందుకు. వెతుకుతూ 1600 ఏళ్ల వెనక్కి వెళ్లిపోయాను.

యోనా కథ మొదట ఉన్నది హీబ్రూ భాషలో. అందులో ఆ చెట్టు పేరు కీకాయోన్. హీబ్రూ బైబిలు మొత్తంలో ఈ మాట యోనా చివరి అధ్యాయంలో ఐదుసార్లు వస్తుంది, ఇంకెక్కడా రాదు. వేరే చోట వస్తే పోల్చి చూసి అర్థం తేల్చుకోవచ్చు, ఆ అవకాశం లేదు. క్రీస్తుకి ముందే యూదులు తమ గ్రంథాన్ని గ్రీకులోకి మార్చుకున్నారు. ఆ గ్రీకు అనువాదంలో ఈ చెట్టు సొర జాతి మొక్క అయింది. గ్రీకు నుంచి లాటిన్‌లోకి వెళ్లినప్పుడూ సొరే ఉండిపోయింది. రోమ్‌లో తొలి క్రైస్తవులు నేల కింద సమాధుల గోడల మీద బొమ్మలు గీసుకున్నారు. వాటిలో యోనా సొరపందిరి కింద పడుకుని ఉంటాడు. చనిపోయినవాళ్లు చల్లగా విశ్రాంతి తీసుకుంటున్నారని చెప్పడానికి వాళ్లకి ఆ బొమ్మ గుర్తు.

తర్వాత జెరోమ్ అనే పండితుడు వచ్చాడు. బెత్లెహేములో ఉంటూ, గ్రీకు మీద ఆధారపడకుండా నేరుగా హీబ్రూ నుంచి లాటిన్‌లోకి కొత్త అనువాదం చేశాడు. అందులో సొర తీసేసి ఐవీ అనే తీగ పేరు పెట్టాడు. ఐవీ మన కొండల్లో ఉండేది కాదు, గోడల మీదకీ చెట్ల మీదకీ పాకే ఒక చలిదేశపు తీగ.

403లో ఆఫ్రికాలోని హిప్పో పట్టణం నుంచి అగస్టీన్ అనే బిషప్ జెరోమ్‌కి ఉత్తరం రాశాడు. ఒయా అనే ఊళ్లో, అంటే ఇప్పటి లిబియాలోని ట్రిపోలీలో, ఏం జరిగిందో చెప్పాడు. అక్కడి బిషప్ చర్చిలో జెరోమ్ కొత్త అనువాదం చదివించాడు. యోనా దగ్గరికి వచ్చేసరికి ఒక మాట, జనం తరతరాలుగా వింటూ పాడుతూ వచ్చినట్టు లేదు. అంతే, గొడవ లేచిపోయింది. ఇది తప్పుడు గ్రంథం అన్నారు. బిషప్ ఆ ఊరి యూదుల్ని అడగాల్సి వచ్చింది. వాళ్లు కూడా పాతదే సరైనదన్నారు. చివరికి జనం తనని వదిలి వెళ్లిపోకుండా ఉండాలంటే పాత మాటే మళ్లీ పెట్టక తప్పలేదు.

ఆ మాట ఏదో అగస్టీన్ ఉత్తరంలో లేదు. జవాబు రాస్తూ జెరోమే, ఇది సొర గురించిన గొడవే అయ్యుంటుందని పట్టుకున్నాడు. ఆ జవాబు చదివాక నాకు నోట మాట రాలేదు. కీకాయోన్ ఎలాంటి మొక్కో జెరోమ్‌కి తెలుసు. వెడల్పు ఆకులుంటాయి, ఏ ఆసరా లేకుండా తన కాండం మీద తనే నిలబడుతుంది, సొరలాగా ఐవీలాగా పాకదు అని ఆయనే రాశాడు. మరి ఐవీ అని ఎందుకు పెట్టావయ్యా అంటే, హీబ్రూ మాటని అలాగే ఉంచితే ఎవరికీ అర్థం కాదు, సొర అంటే హీబ్రూలో లేనిది చెప్పినట్టవుతుంది, అందుకని తనకి ముందు హీబ్రూ నుంచి గ్రీకులోకి మార్చినవాళ్లు పెట్టిన మాటే పెట్టానన్నాడు. అంటే ఆయన పెట్టింది కూడా సరైన మాట కాదని ఆయనకే తెలుసు!

ఆసరా లేకుండా నిలబడే వెడల్పాకుల మొక్క. మనకి తెలిసిందేగా, ఆముదం. గబగబా ఎదుగుతుంది, కోస్తే గబుక్కున వాడిపోతుంది. ఈజిప్టువాళ్లు ఆముదం నూనెని కికి అంటారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ కూడా రాశాడు. కీకాయోన్, కికి. ఇవన్నీ కలిపి చూసి ఇప్పుడు చాలామంది పండితులు అది ఆముదమే అంటారు. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అని మన తెలుగు సామెత ఉంది కదా. నీనెవె బయట ఎండలో యోనాకి సరిగ్గా అదే పరిస్థితి. ఆముదం అని పెట్టి ఉంటే ఆ సామెత తెలిసినవాళ్లందరికీ ఒక చిరునవ్వు వచ్చేది. అది పోయింది.

పోయినవి ఇంకా ఉన్నాయి. యోనా కథలో రాఆ అనే హీబ్రూ మాట మళ్లీ మళ్లీ వస్తుంది. నీనెవె వాళ్ల చెడుతనం రాఆ. దేవుడు వాళ్లకి చేస్తానన్న కీడు రాఆ. వాళ్లని వదిలేస్తే యోనాకి వచ్చిన బాధ రాఆ. చెట్టు నీడ తీర్చిన అతని కష్టమూ రాఆనే. ఊరి చెడుకీ, ఆ ఊరిని క్షమించలేని ప్రవక్త మనసుకీ ఒకే పేరు పెట్టాడు ఆ రచయిత. తెలుగులో ఒక్కో చోట ఒక్కో మాట పడింది. ఏదీ తప్పు కాదు. కానీ ఆ ముడి విడిపోయింది. మామ్మకి నోటికి వచ్చిన కథలో అది లేదు, ఉండే దారీ లేదు.

తెలుగు అనువాదానికీ మన ఉత్తరాంధ్రకీ సంబంధం ఉంది. 1805లో జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అనే ఇద్దరు మిషనరీలు విశాఖపట్నం వచ్చి, తెలుగు బాగా వచ్చిన ఆనందరాయర్ సాయంతో అనువాదం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో చనిపోయారు. వాళ్లు చేసిన సువార్తలు 1812లో సెరాంపూర్‌లో అచ్చయ్యాయి. మొత్తం బైబిలు తెలుగులోకి రావడానికి తర్వాత ఇంకా ఎంతోమంది, ఎన్నో దశాబ్దాలు పనిచేశారు. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లోనూ ఆ చెట్టు సొర జాతిదే. అలా గ్రీకు సొర, లాటిన్ సొర, ఇంగ్లీషు సొర తిరిగి తిరిగి మా కొండమీదకి వచ్చి మా ఇంటి కప్పు మీద పాకింది.

ఒయా జనం కథ చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ జనానికి హీబ్రూ రాదు, మా మామ్మకీ రాదు. వాళ్లు ప్రేమించింది అనువాదాన్నే. వాళ్లకి అదే మూలం. పెద్ద చదువు చదివినాయన పంపిన మాటకి వాళ్లు ఎదురు తిరిగితే, మూర్ఖులు అని ఎవరైనా అనొచ్చు. కానీ ఆ మాటతోనే వాళ్ల అమ్మానాన్నల్ని పాతిపెట్టారు, పిల్లలకి కథలు చెప్పారు. జెరోమ్ దగ్గర ఉన్నది జ్ఞానం. వాళ్ల దగ్గర ఉన్నది జ్ఞాపకం. మంట దగ్గర నేను జెరోమ్‌లాగా మాట్లాడాను, అంత చదువు లేకుండానే.

సంక్రాంతికి ఇంటికి వెళ్లాను. మామ్మ పక్కన కూర్చుని ఒయా కథ మొత్తం చెప్పాను. శ్రద్ధగా విన్నది. బిషప్ మళ్లీ పాత మాట పెట్టాడనగానే నవ్వింది. ఆమె సవరలో అన్నదాన్ని నేను తెలుగులో రాస్తున్నాను, ఇదీ అనువాదమే, గుర్తుంచుకోండి.

"ఆముదమైతే ఆముదమే అవనీరా. నేనేమైనా ఆ ఊరు చూశానా? కానీ నాకు సొర అంటేనే ఆ కథ మనదనిపించింది."

ఎందుకని అడిగాను. అప్పుడు చెప్పింది. ఆమె చిన్నప్పుడు వాళ్ల మామ్మ చెప్పిన కథ అట. పాత లోకం నీళ్లలో మునిగిపోతే ఒక అన్నా చెల్లెలూ ఎండిన ఆనపబుర్రలో దూరి తేలుతూ బతికారు. నీళ్లు తీశాక వాళ్ల నుంచే మళ్లీ మనుషులు పుట్టారు. చర్చిలో చేరాక ఆ కథ ఎవరికీ చెప్పలేదట. "యోనాని కూడా ఆనపే కాపాడిందని చదివిన రోజు, మా మామ్మ చెప్పింది అబద్ధం కాదనుకున్నాను" అంది.

ఆ కథ మా ఇంట్లోది మాత్రమే కాదు. వెరియర్ ఎల్విన్ మధ్య భారతంలోనూ ఒడిశా కొండల్లోనూ సేకరించిన కథల్లో వరద, అన్నాచెల్లెళ్లు, సొరబుర్ర చాలా తెగల్లో కనిపిస్తాయి. ఇరవై ఏళ్లు ఆమె పక్కన పెరిగి నేను ఒక్కసారి కూడా వినలేదు. పండితుల లెక్కలో తప్పయిన ఒక మాట మామ్మకి రెండు నమ్మకాల మధ్య వంతెన అయింది. నేను దాన్ని సరిచేద్దామని వెళ్లి తెంపేయబోయాను.

ఆ రాత్రే కథని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. రాస్తుంటే తెలిసింది ఎంత కష్టమో. కథలో కిట్టుంగ్ వస్తాడు. మొదట "దేవుడు" అని రాసి కొట్టేశాను. తెలుగులో దేవుడంటే తప్పు చెయ్యనివాడు, పైన ఉండేవాడు. మా కథల్లో కిట్టుంగ్ లోకాన్ని చేస్తాడు, పొరపాట్లూ చేస్తాడు, ఒక్కడే కూడా కాదు. చివరికి కిట్టుంగ్ అనే ఉంచాను. సవరలో గొంతు దగ్గర పట్టి వదిలే శబ్దాలు కొన్ని తెలుగు అక్షరాల్లో పట్టవు. గిడుగు రామమూర్తి గారు 1931లో వచ్చిన సవర వ్యాకరణంలో వాటికి ప్రత్యేక గుర్తులు ఎందుకు వాడారో అప్పుడు అర్థమైంది. అందరికీ అర్థమయ్యే తెలుగు రాయాలని పోరాడిన ఆయనే, మన మాటని తెలుగులో కలిపెయ్యకుండా మన మాటగానే రాయాలని కష్టపడ్డారు.

కాబట్టి మిత్రులారా, ఒక్కటే అడుగుతున్నాను. ఇంట్లో పెద్దవాళ్లు ఏ గ్రంథాన్ని ప్రేమించినా, ఏ కథని పట్టుకున్నా, తప్పొప్పులు చెప్పేముందు అది వాళ్లకి ఎందుకిష్టమో అడగండి. వాళ్ల కథలు తెలుగులో రాస్తే, తెలుగులోకి రాని మాటని అలాగే ఉంచి పక్కన నాలుగు వాక్యాలు వివరం రాయండి. కీకాయోన్‌కి ఆ నాలుగు వాక్యాలు పక్కనే ఉండి ఉంటే ఒయాలో గొడవే ఉండేది కాదేమో.

మామ్మ మళ్లీ యోనా కథ చెప్తోంది. సొరచెట్టనే చెప్తోంది. నేను సరిచెయ్యట్లేదు. కానీ మొన్న ఫోన్లో మా చెల్లి చెప్పింది, ఈమధ్య యోనా కథ అయ్యాక ఆనపబుర్ర కథ కూడా చెప్తోందట.