మెట్ల కింద ఇంజను

మన ఇళ్లలో "ఎప్పటికైనా పనికొస్తుంది" అన్న మాటకున్నంత ఆయుష్షు ఇంకే మాటకీ లేదనుకుంటాను. మూత పోయిన మరచెంబు, చెవి ఊడిన మూకుడు, పిల్లాడి మూడు చక్రాల సైకిలు - అన్నీ ఆ ఒక్క మాట చెప్పుకునే అటక మీద కాపురం చేస్తుంటాయి. మా ఇంట్లో అదే మాట చెప్పుకుని మెట్ల కింద ఒక కారు ఇంజను కూర్చుంది. కారు కాదు సుమండీ, వట్టి ఇంజను. కారు వేరే ఉంది, దాని ఇంజను దానికుంది. ఇది అదనం.

1989లో నేను విజయవాడ సత్యనారాయణపురంలో కాపురానికి వచ్చేసరికే అది అక్కడ ఉంది. రెండు చెక్కదుంగల మీద కూర్చుని, టార్పాలిను కప్పుకుని, చీకట్లో ఎవరో ముసుగుతన్ని పడుకున్నట్టుండేది. "అదేమిటండీ?" అని మావారిని అడిగితే, "మా అమ్మ ఫ్రిజ్" అన్నారు. కొత్త కోడల్ని, నవ్వాలో ఊరుకోవాలో తెలియలేదు.

సంగతేమిటంటే, 1986లో అత్తయ్యగారు ఇంటి ఖర్చులో మిగిల్చి మిగిల్చి ఫ్రిజ్ కోసం డబ్బు దాచారట. ఇంతలో ఏలూరు రోడ్డులో ఎవరిదో మా కారులాంటి కారునే వెనకనుంచి లారీ గుద్దింది. బండి తుక్కయింది గాని ఇంజను చెక్కు చెదరలేదు. మామయ్యగారు అత్తయ్యగారిని అడిగి ఆ డబ్బు తీసుకుని, ఫ్రిజ్‌కు బదులు ఇంజను తెచ్చారు. అప్పట్నించీ దాని పేరు అదే.

మొన్న వేసవిలో మెట్లు బాగు చేయించాల్సి వచ్చి ఆ ఇంజను ప్రశ్న మళ్లీ లేచింది. పాత ఇనుము కొనే అతను కిలోల లెక్కన బేరం పెట్టాడు. ఈలోగా తెనాలి నుంచి ఒకమ్మాయి ఫోను చేసింది. వాళ్ల నాన్నగారి కారు కూడా మా కారులాంటిదేనట. ఆయన పోయాక షెడ్డులో పడి ఉందట. ఇంజను బ్లాకు పగిలిపోయింది, మీ దగ్గరున్నది ఇస్తారా అని. మావారు ససేమిరా అన్నారు. "రేపు మన బండి ఆగిపోతే?" అని ఆయన వాదన. "ముప్ఫై ఏళ్ల పైనుంచీ ఆ రేపు రాలేదుగా" అని నాది. వాదన తెగక, అసలు ఈ ఇనుప దిమ్మ చరిత్ర ఏమిటో తెలుసుకుందామని కూర్చున్నాను. కూర్చున్నాక తెలిసింది - అది మా అత్తయ్యగారి కంటే పెద్దదని!

మా ఇంజను కాదు, దాని నమూనా. ఇటలీలో ట్యూరిన్ నగరం ఫియట్ కంపెనీ పుట్టిల్లు. 1937లో వాళ్లు ఒక చిన్న కారు కోసం నాలుగు సిలిండర్ల ఇంజను తయారు చేశారు. సిలిండరు వెడల్పు 68 మిల్లీమీటర్లు, పిస్టను కదిలే దూరం 75. లెక్క కడితే నాలుగింటికీ కలిపి 1,089 సీసీ. 1953లో ఫియట్ వాళ్లు 1100 కారుకు బాడీ అంతా కొత్తగా గీశారు గాని, ఇంజనుకు మాత్రం ఆ 68, 75 అంకెలు మార్చలేదు. మా మెట్ల కింద ఉన్నదానికీ అవే కొలతలు. యుద్ధాలు వచ్చాయి, రాజ్యాలు పోయాయి, ఆ అంకెలు మాత్రం కదల్లేదు.

దాన్ని మన దేశానికి తెచ్చింది వాల్‌చంద్ హీరాచంద్ పెట్టిన ప్రీమియర్ ఆటోమొబైల్స్. ఆయన పేరు మన వాళ్లకు కొత్తేమీ కాదు. విశాఖపట్నంలో ఓడల కర్మాగారం మొదలుపెట్టిందీ ఆయనే. 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ దానికి శంకుస్థాపన చేశారు. అక్కడ తయారైన 'జల ఉష' అనే ఓడను 1948లో నెహ్రూగారు నీళ్లలోకి దింపారు. ఓడలు, విమానాలు, కార్లు మన గడ్డ మీదే తయారు కావాలని ఆ పెద్దమనిషి పట్టుదల. 1944లో కార్ల కంపెనీ పెట్టి, బొంబాయి కుర్లాలో ఫ్యాక్టరీ కట్టారు. మొదట్లో అమెరికా కార్లు బిగించేవారు. తర్వాత ఫియట్‌తో ఒప్పందం కుదిరింది. 1100 కారు కుర్లా నుంచి 1954లో బయటికొచ్చేనాటికి ఆయన లేరు. అంతకు ముందు ఏడే కన్నుమూశారు.

ఆ ఏడే ఇంకో సంగతీ జరిగింది. విడిభాగాలు పైనుంచి తెచ్చి ఇక్కడ బిగించి అమ్మడం చాలదు, భాగాలు కూడా ఇక్కడే చెయ్యాలని ప్రభుత్వం పట్టుపట్టింది. 1928 నుంచీ బొంబాయిలో ఉన్న జనరల్ మోటార్స్ వాళ్లు 1954లో దుకాణం కట్టేశారు. ఇక మిగిలినవి ముఖ్యంగా మూడు - కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారయ్యే అంబాసిడర్, బొంబాయి ఫియట్, మద్రాసు స్టాండర్డ్. కారు కొనాలంటే ఈ మూడింట్లో ఒకటి రాయించుకుని, ఏళ్ల తరబడి వంతు కోసం కూర్చోవాలి. ధర ఎంత ఉండాలో కూడా ప్రభుత్వమే చెప్పేది. ఆ తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1971లో తీర్పు వచ్చింది. వంట గ్యాసుకు, టెలిఫోనుకు వంతులు కాచిన ఆ రోజుల మనుషులకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

మామయ్యగారి వంతు 1973లో వచ్చింది. అప్పటికి ఫియట్‌తో ఒప్పందం ముగిసి, కారుకు 'ప్రీమియర్ ప్రెసిడెంట్' అని పేరు మార్చారు. ఆ పేరు ఎక్కువ కాలం నిలవలేదు. 1974లో 'ప్రీమియర్ పద్మిని' అయింది. చిత్తోడ్ రాణి పద్మిని పేరన్నమాట. (మన చిత్తూరు కాదండోయ్!) పేరేదైనా, మన జనం నోట్లో మాత్రం అది చివరిదాకా ఫియట్ కారే. మామయ్యగారి కారు ఇంటికొచ్చిన ఏడే అరబ్బు దేశాల చమురు గొడవ వచ్చిపడింది. పెట్రోలు ధర ఎంత పెరిగిందంటే, వాజ్‌పేయిగారు నిరసనగా ఎడ్లబండి మీద పార్లమెంటుకు వెళ్లారు. "కారు కొని షెడ్డులో పెట్టి, రిక్షాలో సినిమాకెళ్లాం" అంటారు అత్తయ్యగారు.

ఇలాంటి కాలం మనిషి కాబట్టే మామయ్యగారు అదనపు ఇంజను కొన్నారు. కారు కొనడం జీవితానికి ఒక్కసారే. 1986కు మా బండి పొగ వదలడం మొదలెట్టింది, ఒకసారి బోరు చేయించారు. ఇంకా ఎన్నిసార్లు చేయించగలం? లోహం అరుగుతుందిగా! కొత్త కారు కొనే తాహతు లేదు. ఉన్నదాన్ని నిలుపుకోవాలి. ఊరగాయ జాడీలు నింపుకున్నట్టే ఆయన ఇంజను దాచుకున్నారు. నెలకోసారి ప్లగ్గులు విప్పి నాలుగు చుక్కలు ఆయిలు పోసి, పుల్లీ పట్టుకుని నాలుగు చుట్లు తిప్పేవారు. అలా తిప్పకపోతే తుప్పు పట్టి పిస్టన్లు సిలిండర్లకు అంటుకుపోతాయి. మెకానిక్కులు 'పట్టేసింది' అంటారు. 2009లో ఆయన పోయాక ఆ తిప్పుడు మావారి వంతయింది.

కాని లోకం అప్పటికే మారింది. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీగారి చేతుల మీదుగా మారుతి 800 రోడ్డెక్కింది. మూడు సిలిండర్లు, 796 సీసీ. దాని ముందు మా ఫియట్టు పట్టుచీర కట్టుకున్న ముసలమ్మలా అయిపోయింది. పద్మిని తయారీ 2000 ప్రాంతంలో ఆగిపోయింది. బొంబాయి వీధుల్లో నలుపూ పసుపూ వేసుకుని తిరిగిన టాక్సీ పద్మినుల కథ 2023 అక్టోబరుతో ముగిసింది. అంటే 1937లో పుట్టిన ఇంజను నమూనా మరో శతాబ్దంలోకి వచ్చి కూడా ఎనభై ఆరేళ్ల వయసులో కూలి చేసుకుని బతికిందన్నమాట!

ఇదంతా చదివాక నాకే మనసు మెత్తబడింది. ఉంచేద్దామా అనిపించింది. ఆటోనగర్ నుంచి మా పాత మెకానిక్ సాయిబుగారిని పిలిపించాం. ఆయన పుల్లీ తిప్పి చూశారు. గట్టిగా తిరిగింది, కాని తిరిగింది. "ఇది బతికే ఉందమ్మా" అన్నారు. తర్వాత మా కారు బోనెట్టు ఎత్తి చూసి, "దీనికింకా చాలా ఆయుష్షుంది. వేరే ఇంజను ఎక్కించారో, ఉన్న విలువ పోగొట్టుకుంటారు" అన్నారు.

అదెలాగంటే, 2021లో పాత వాహనాలకు కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది. ఏభై ఏళ్లు దాటిన కారు, ఛాసిసూ బాడీ ఇంజనూ పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉంటే 'వింటేజ్' బండిగా రిజిస్టరు చేయించుకోవచ్చు. మా కారుకు ఏభై దాటాయి. ఆర్‌సీ పుస్తకంలో రాసున్న ఇంజను నంబరూ, బండిలో ఉన్న నంబరూ ఒకటే. ఆ జత విడిపోకూడదు. మామయ్యగారు ఏ రోజు కోసం దాన్ని దాచారో, ఆ రోజు వచ్చినా మేం దాన్ని ఎక్కించబోవడం లేదన్నమాట. తెనాలి అమ్మాయి సంగతి అలా కాదు. బ్లాకు పగిలింది కాబట్టి ఇంకో ఇంజను ఎక్కిస్తేనే ఆ బండి కదులుతుంది. వింటేజ్ మాట ఆమెకక్కర్లేదు, నాన్న నడిపిన బండి నడిస్తే చాలు.

మావారు ఇంకా బేరమాడుతూనే ఉన్నారు. "పోనీ క్రాంకు షాఫ్టు ఒక్కటీ ఉంచుకుని మిగతాది ఇద్దాం." గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అత్తయ్యగారు తలెత్తకుండానే అన్నారు. "కొంగు కోసుకుని చీర అమ్ముతావుట్రా?"

మావారు నోరు మూసుకున్నారు.

ఒక చిక్కు మిగిలింది. వేరే ఇంజను ఎక్కిస్తే ఆర్‌సీలో కొత్త నంబరు రాయించాలి. దానికి ఇంజను ఎక్కడిదో చెప్పే కాగితం కావాలి. మామయ్యగారి బీరువాలో కారు కాగితాల ఫైలు తీశాం. ఆయన పోయాక దాని జోలికి అవసరం మేరకే వెళ్లాం. అట్టడుగున, పసుపు రంగుకు తిరిగిన రసీదు దొరికింది. ఇంజను నంబరుంది, తేదీ ఉంది, రెవెన్యూ స్టాంపు మీద అమ్మినాయన సంతకం ఉంది. కొన్నవారి పేరు దగ్గర మామయ్యగారి పేరు లేదు. అత్తయ్యగారి పేరుంది. ఇంటిపేరుతో సహా, ఇంగ్లీషులో, ఆయన దస్తూరీలోనే.

చదివి వినిపించాను. ఆవిడ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

"నాతో చెప్పనేలేదు" అన్నారు కాసేపటికి. "నేనేమో ఇన్నేళ్లూ, నా డబ్బు పట్టుకుపోయారని దెప్పుతూనే ఉన్నాను."

ఇక నిర్ణయం చెప్పాల్సింది ఎవరో మా ఇద్దరికీ అర్థమైంది. ఆవిడే తెనాలి అమ్మాయిని పిలిపించారు. తుక్కువాడు చెప్పినదానికి పైన, మావారు ఊహించుకున్నదానికి కింద ఒక ధర చెప్పారు. ఆ అమ్మాయి మారు మాట్లాడలేదు. "బండి నడిచిన రోజు ఇటు తీసుకురా. చూస్తాను" అన్నది ఒక్కటే షరతు. నలుగురు మనుషులు తాళ్లు కట్టి ఇంజనును ఆటో ట్రాలీ ఎక్కిస్తుంటే మావారు వీధి చివరిదాకా వెంట నడిచారు. తిరిగొచ్చి టార్పాలిను మడత పెట్టారు. పారేయలేదు లెండి, ఎప్పటికైనా పనికొస్తుందట.

డబ్బు అత్తయ్యగారి చేతిలో పెట్టి, "ఏం చేస్తారండీ?" అన్నాను. ఈ వయసులో నాకేం కావాలన్నారు. మర్నాడు పొద్దున్నే కాఫీ తాగుతూ, మొహమాటంగా నన్ను దగ్గరికి పిలిచారు.

"అమ్మాయ్, కంటి మందు చల్లగా ఉంచాలన్నాడుగా డాక్టరు. సాయంత్రానికి మల్లెపూలు కూడా వాడిపోతున్నాయి. నా గదిలో పెట్టుకోడానికి చిన్న ఫ్రిజ్ ఒకటి దొరుకుతుందేమో కనుక్కుంటావా?"