సాలన్ చిక్కదనం ఎవరిది?

బెంజ్ సర్కిల్ దగ్గర రెండు పెద్ద దారులు కలుస్తాయి. ఒకటి మద్రాసు నుంచి కలకత్తా పోయేది. ఇంకోటి హైదరాబాదు మీదుగా బందరు పోయేది. ఆ చుట్టుపక్కల హోటళ్లలో 'మొఘలాయి' కూర అడిగితే జీడిపప్పు ముద్ద, మీగడ, కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబరిచిన గ్రేవీ తెచ్చిపెడతారు. ముస్లింల వంటంటే ఇదేనని లోకం నమ్మకం. మరి మా ఇళ్లలో ఈ గిన్నె ఎప్పుడు పొయ్యెక్కింది?

మాది నవాబుల దస్తర్‌ఖాన్ కాదు. మేం దూది ఏకినవాళ్లం, రిక్షా తొక్కినవాళ్లం, ఆటోనగర్లో రెంచీ పట్టినవాళ్లం. పావుకిలో మాంసం పదిమందికి సరిపోవాలి. అందుకే దాల్చా. మెత్తగా ఉడికిన శనగపప్పు చింతపండు రసంతో కలిసి, సొరకాయ ముక్కల్నీ రెండు ఎముకల్నీ మోస్తుంది. చిక్కదనం మాకు రుచి కన్నా ముందు లెక్క.

దేనికి ఏది వేయాలో మా దాదీలకీ నానీలకీ తెలుసు. పాయాకి ఏ పిండీ అక్కర్లేదు. సన్నసెగన గంటల తరబడి ఉడికితే కాళ్లలోని జిగురే రసంలోకి దిగుతుంది. మిర్చీ సాలన్‌కి, బఘారా బైంగన్‌కి వేయించిన పల్లీలు, నువ్వులు, కొబ్బరి నూరి, నూనె పైకి తేలేదాకా మగ్గించాలి. ఖుర్మాకి ఎర్రగా వేగిన ఉల్లిపాయ, పెరుగు, గసగసాలు. కఢీలో శనగపిండి రెండు పనులు చేస్తుంది: చిక్కబరుస్తుంది, పెరుగు విరక్కుండా కాపాడుతుంది. బియ్యప్పిండైనా కార్న్‌ఫ్లోరైనా చన్నీళ్లలో కలిపాకే పోయాలి. వేడి పులుసులో పొడిగా పడితే పైపైన ఉడికి, లోపల పచ్చిగా మిగిలి, ఉండలు కడుతుంది.

ఇక చరిత్ర. పదో శతాబ్దంలో బాగ్దాదులో ఇబ్న్ సయ్యార్ అల్ వర్రాక్ కూర్చిన వంటల పుస్తకంలో గోధుమ, మాంసం కలిపి మెదిపే హరీసా ఉంది. 16వ శతాబ్దం చివర్లో అబుల్ ఫజల్ రాసిన 'ఐనె అక్బరీ'లో హరీసా, హలీం రెండూ ఉన్నాయి. హరీసాకి పది సేర్ల మాంసం, ఐదు సేర్ల దంచిన గోధుమ. అక్కడి చిక్కదనం గోధుమది. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీందీ అదే.

మిరప, వేరుశనగ, జీడిమామిడి, మొక్కజొన్న, టమోటా అన్నీ అమెరికా ఖండాల పంటలు. 1492లో కొలంబస్ అటు చేరాకే అవి సముద్రాలు దాటాయి. జీడిమామిడిని బ్రెజిల్ నుంచి తెచ్చింది పోర్చుగీసువాళ్లు. అంటే 'మొఘలాయి' గిన్నెలో జీడిపప్పు మొఘలులు తెచ్చింది కాదు. నువ్వు మాత్రం ఈ ఉపఖండంలోనే పుట్టింది.

మా ప్రాంతానికి సముద్రం కొత్త కాదు. బందరు గోల్కొండ కుతుబ్‌షాహీల రేవు, పర్షియా వర్తకుల ఓడలు ఆగిన చోటు. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు అక్కడ కోఠీలు పెట్టారు. బయటి సరుకూ బయటి మనుషులూ వచ్చి కలిసిన నేల ఇది.

అయినా మమ్మల్ని 'మీరెక్కణ్ణుంచి వచ్చారు?' అంటారు. ఇడ్లీలోకి పల్లీ చట్నీ అద్దుకుంటూనే అడుగుతారు. పల్లీని ఎవరూ ఊరు అడగరు. మిరపకాయని ఎవరూ తాత పేరు అడగరు. మమ్మల్నే అడుగుతారు.

ఇంకో మాట మాలో మేం అనుకోవాల్సింది. పులుసులో బియ్యప్పిండి కలుపుకునే దూదేకుల ఇంటి కూరని చూసి 'ఇదేం సాలన్?' అని మూతి తిప్పే ఖాన్‌దానీలు మాలోనూ ఉన్నారు. వాళ్ల కఢీలోనూ, పక్కింటి మజ్జిగ పులుసులోనూ శనగపిండి ఒకటే అని వాళ్లకి ఎవరు చెప్పాలి?

ఇద్దరికీ మా జవాబు ఒకటే. ఒకే గిన్నెలో ఇన్నాళ్లు ఉడికి చిక్కబడ్డాక ఏది ఎవరిదో వేరు చేయలేరు. ఆ బోర్డు మీద 'మొఘలాయి' చెరిపి 'దాల్చా' అని రాయండి. మా చరిత్ర అందులో ఉంది.