స్వప్నమా, ధ్యానమా? కడప సీమ దర్శన కథనాలు

ఒంటిమిట్ట కోదండరామాలయం చుట్టూ అల్లుకొన్న ఐతిహ్యంలో రాముడు పోతనకు కలలో కనిపించి భాగవతాన్ని తెనిగించమంటాడు. భాగవత అవతారిక మాత్రం దానిని కల అనలేదు. చంద్రగ్రహణపు రాత్రి గంగలో స్నానమాడి, ఇసుకతిన్నెపై మహేశ్వరధ్యానంలో కూర్చున్న కవి కన్నులు కొద్దిగా తెరిచే ఉన్నాయి. రాముడు అంతర్ధానమైన పిమ్మట అవి పూర్తిగా విచ్చుకొన్నాయి. నిద్ర ప్రస్తావన ఎక్కడా లేదు. (ఏ నదినైనా గంగ అనడం తెలుగువారి వాడుక కనుక ఈ పద్యాలతో పోతన ఊరు తేల్చబూనడం వ్యర్థం.)

ఆముక్తమాల్యద ఇందుకు భిన్నం. శ్రీకాకుళంలో హరివాసరం నాడు ఉపవసించిన కృష్ణదేవరాయలకు ఆ రాత్రి నాలుగో జామున ఆంధ్రవిష్ణువు కలలోనే కనిపించాడు. రాయలు మేల్కొన్నాడు కూడా.

ఒంటిమిట్టకు చేరువలోని తాళ్ళపాకకు చెందిన అన్నమయ్య విషయంలో తిరుమల రాగిరేకు వాడిన మాట ‘ప్రత్యక్షం’. అది శక సంవత్సరం 1346, అనగా క్రీ.శ. 1424, కవికి పదహారేళ్ళు.

కలగంటున్నానన్న ఎరుక నిద్రలోనే కలగడాన్ని నేడు ఎరుక గల స్వప్నంగా పరిశోధిస్తున్నారు. 1975లో ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్, నిద్రితుడు ముందే అనుకొన్న కనుకదలికలతో చేసిన సంజ్ఞలను నమోదు చేశాడు. అక్కడ నిద్రలోకి ఎరుక ప్రవేశించింది. పోతన ఎరుకతోనే కూర్చున్నాడు, దృశ్యం తరువాత వచ్చింది. ఐతిహ్యం దానిని కలగా మార్చినప్పుడు జారిపోయినది ఆ సాధనే: కలకు కన్నులు మూస్తే చాలు, పోతన వాటిని పూర్తిగా మూయలేదు.